పోలిక వేరు, చుట్టరికం వేరు
చెరువు పాచి నుంచి నేల మొక్క దాకా: స్మారకోపన్యాసం



మాస్టారి పేరు ఆహ్వానపత్రం మీద ఉంది, నా వెనక బ్యానరు మీద ఉంది. నాకు మాత్రం ఆ పేరు నోటికి రాదు. బతికున్నన్నాళ్ళూ మాస్టారూ అనే పిలిచాను. ఈ గంటసేపూ అలాగే పిలుస్తాను, మన్నించండి.

డిగ్రీ మొదటి ఏడాది, కార్తీకమాసంలో ఒక ఆదివారం పొద్దున్న మా పన్నెండు మందినీ ఆయన ఊరి చెరువుకి తీసుకెళ్ళారు. తలా ఒక ఖాళీ హార్లిక్స్ సీసా. చెరువు దాకా వెళ్ళకముందే, తూము కింది వరిమడిలో చెయ్యి పెట్టి, నీళ్ళ అడుగున గడ్డిలా పెరిగినదాన్ని గుప్పెడు లాగి, "నలిపి వాసన చూడండి" అన్నారు. మురిగిన వెల్లుల్లి వాసన. వేళ్ళకి సున్నపు గరుకు తగిలింది. అది కారా. కొంచెం ముందుకెళ్ళాక గుంటలో తేలుతున్న పచ్చటి పాచిని పైకెత్తారు. అది పట్టుదారంలా జారిపోతోంది. స్పైరోగైరా. ఆ తర్వాత పంచె పైకి చెక్కుకుని, గట్టు పక్కన ఆరుతున్న బురద మీదకి వంగి చాలాసేపు వెతికారు. కావలసింది దొరకలేదు. "మద్రాసు బురదలో దొరికిందిరా, ఇక్కడ మాత్రం ఎందుకు దొరకదు" అన్నారు. ఆ దొరకనిదాని పేరు ఫ్రిచియెల్లా.

నేలమీది మొక్కలన్నిటికీ, అంటే నాచు మొదలుకుని మర్రిచెట్టు దాకా, నీళ్ళలోని ఏ శైవలం దగ్గరి చుట్టం? ఆ ఉదయం మా చేతుల్లోకి వచ్చిన రెండూ, రాని ఒకటీ, ఈ మూడూ ఒక్కో కాలంలో ఆ ప్రశ్నకి జవాబుగా నిలబడ్డాయి. ఆ కథే ఈరోజు చెప్పబోతున్నాను.

ఒక సంగతి తొందరగా చెప్పి దాటేస్తాను. సముద్రంలో ఎర్ర శైవలాలున్నాయి, గోధుమరంగువీ ఉన్నాయి. గోధుమరంగు వాటిలో కెల్ప్ అనేది తాటిచెట్టుని మించి పెరుగుతుంది. అయినా నేల మొక్కల పుట్టుక దగ్గర వాటి పేరు రాదు. పత్రహరితం ఎ, బి రెండూ కలిసి ఉండటం, పిండిపదార్థాన్ని హరితరేణువు లోపలే దాచుకోవడం, ఇవి ఆకుపచ్చ శైవలాలకీ మన పెరటి తోటకూరకీ ఉమ్మడి లక్షణాలు. ఇంటిపేరు కలిసిందన్నమాట. ఇక తేలాల్సింది ఏ శాఖ అన్నదే. ఆ తేలడానికి నూరేళ్ళకి పైగా పట్టింది.

ఎం.ఓ.పి. అయ్యంగార్ గారు 1886లో పుట్టారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర పరిశోధనకి ప్రాణం పోసిన మనిషి. భారతదేశంలో శైవలశాస్త్రానికి పితామహుడని ఆయన్ని అంటారు, అది అతిశయోక్తి కాదు. నలభై దాటాక లండన్ వెళ్ళి, ఆ రోజుల్లో శైవలాల విషయంలో ప్రపంచమంతా పెద్దగా ఒప్పుకున్న ఎఫ్.ఇ. ఫ్రిచ్ దగ్గర పనిచేశారు. వాన వెలిసి గుంటలు ఆరిపోయే వేళ, తడి బురద మీద పెరిగే ఒక చిన్న ఆకుపచ్చ శైవలాన్ని అయ్యంగార్ గారు గుర్తించారు. 1932లో న్యూ ఫైటాలజిస్ట్ పత్రికలో దాన్ని వర్ణించి, గురువు పేరు కలిపి ఫ్రిచియెల్లా ట్యూబరోసా అని పేరు పెట్టారు.

దాన్ని చూసినవాళ్ళకి ఎందుకు ఒళ్ళు పులకరించిందో చెప్పాలి. అప్పటిదాకా ఎరిగిన శైవలాలు చాలావరకు నీళ్ళలో తేలేవో, రాయికి అంటుకునేవో. ఇది బురద లోపలికి వేరులాంటి పోగుని దింపింది. నేల పైపొర కిందనే కణాలు గుత్తులుగా పేరుకున్నాయి. అందులోంచి కొమ్మలు లేచి నేల దాటి గాలిలోకి వచ్చాయి. గుంట పూర్తిగా ఆరిపోతే పైభాగం మాడిపోతుంది, కింది గుత్తులు దుంపల్లా బతికి మళ్ళీ వానకి చిగురిస్తాయి. వేరు, కాండం, దుంప, అన్నీ అక్కడే ఉన్నట్టు! నీళ్ళు వదిలి నేలమీదకి వచ్చిన మొదటి మొక్క ఎలా ఉండి ఉంటుందో ఊహించుకుని బొమ్మ గీస్తే ఇలాగే వస్తుంది. పాకే భాగం, నిలబడే భాగం రెండూ ఉన్న ఇలాంటి శైవలాల నుంచే నేల మొక్కలు వచ్చాయని ఫ్రిచ్ వాదించారు. ఆ వాదానికి మద్రాసు బురద సజీవ సాక్ష్యంలా నిలిచింది. మా తరం దాకా పాఠ్యపుస్తకాల్లో ఆ బొమ్మ ఉండేది. మాస్టారు దాన్ని బోర్డు మీద నాలుగు రంగుల సుద్దముక్కలతో వేసేవారు.

ఇక్కడ ఆగి, నేలమీదకి రావడంలో అసలు కష్టం ఎక్కడుందో చూద్దాం. ఎండకి మాడిపోవడం, నీళ్ళు అందకపోవడం, నిలబడటానికి ఊతం లేకపోవడం ఎవరికైనా తోస్తాయి. వాటికంటే లోతైన చిక్కు సంతానం దగ్గర ఉంది.

1851లో విల్హెల్మ్ హోఫ్‌మైస్టర్ అనే ఇరవయ్యేడేళ్ళ జర్మన్ యువకుడు, లైప్‌జిగ్‌లో తండ్రి పుస్తకాల వ్యాపారం చూసుకుంటూ, విశ్వవిద్యాలయం గడప తొక్కకుండా, ఒక గొప్ప సత్యం బయటపెట్టాడు. డార్విన్ పుస్తకం రావడానికి ఇంకా ఎనిమిదేళ్ళుంది. నాచు, ఫెర్న్, పైన్ చెట్టు, అన్నిటి జీవితమూ రెండు తరాలుగా నడుస్తుందన్నాడు. ఒక తరం బీజకణాలనిస్తుంది, అవి కలిస్తే రెండో తరం పుడుతుంది. ఆ రెండో తరం సిద్ధబీజాలనిస్తుంది, అవి మొలిస్తే మళ్ళీ మొదటి తరం. స్పైరోగైరాలో, కారాలో ఇలా ఉండదు. బీజకణాలు కలిసి సంయుక్తబీజం ఏర్పడుతుంది, అది మొలకెత్తేటప్పుడే క్షయకరణ విభజన జరిగిపోతుంది. రెండో తరానికి ఒంటికణం తప్ప వేరే శరీరమే లేదు.

మరి నేల మొక్కల్లో ఆ శరీరం ఎక్కడి నుంచి వచ్చింది? గ్లాస్గో ఆచార్యుడు ఎఫ్.ఓ. బోవర్ 1908లో వచ్చిన తన పెద్ద గ్రంథంలో దీనికి ఇచ్చిన వివరణ నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. పురుషబీజకణం ఈదడానికి నీటిపొర కావాలి. చెరువులో దానికి కరువు లేదు. నేలమీద వాన పడ్డప్పుడో, మంచు కురిసినప్పుడో తప్ప దొరకదు. కలయిక అరుదైపోయింది. అరుదుగా దొరికిన ఒక్క కలయిక నుంచి నాలుగే సిద్ధబీజాలు వస్తే వంశం నిలవదు. అందుకని సంయుక్తబీజం క్షయకరణ విభజనని వాయిదా వేసింది. ముందు మామూలుగా చీలి చీలి వందల కణాలయింది. ఆ తర్వాత వాటిలో ఒక్కో కణం క్షయకరణ చెందితే, ఒక్క కలయికకి వేల సిద్ధబీజాలు. ఆ వాయిదాలోంచి పుట్టిన శరీరమే రెండో తరం. పొలం గట్ల మీద వానాకాలం చివర నేలకి కరుచుకుని గుండ్రంగా పరుచుకునే రిక్సియాలో అది తల్లి ఒంట్లో దాగిన చిన్న బంతి మాత్రమే. కోనసీమలో మనం చూసే కొబ్బరిచెట్టు, నిలువెత్తు మానుతో, మట్టలతో సహా, అదే తరం. ఎంత దూరం వచ్చింది చూడండి!

ఈ మాటకి రుజువులాంటిది కోలియోకీట్ అనే మంచినీటి శైవలంలో కనిపిస్తుంది. నీళ్ళలో మునిగిన కాడల మీద చిన్న పచ్చటి బిళ్ళలా పెరుగుతుంది. మిగతావాటిలా సంయుక్తబీజాన్ని నీళ్ళపాలు చెయ్యదు, తన ఒంటికే అంటిపెట్టుకుని చుట్టూ కణాల పొర కప్పుతుంది. 1980లలో లిండా గ్రాహం తన సహచరులతో దాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసినప్పుడు, ఆ కప్పిన కణాల గోడలు లోపలికి ముడతలు పడి కనిపించాయి. నాచులో తల్లి నుంచి పిల్లకి ఆహారం అందే చోట సరిగ్గా అలాంటి ముడతలే ఉంటాయి. ఆ సంయుక్తబీజం మొలకెత్తినప్పుడు నాలుగు కాదు, 8 నుంచి 32 దాకా కణాలు వస్తాయి. కడుపులో పెట్టుకుని సాకడం నీళ్ళలోనే మొదలైందని నాకు అనిపిస్తుంది. పిండాన్ని సాకడం అనే ఈ ఒక్క గుణం వల్లే నేల మొక్కలన్నిటినీ కలిపి పిండయుత మొక్కలంటాం.

ఇప్పుడు ఫ్రిచియెల్లా దగ్గరికి తిరిగి వెళ్దాం, దాని కథ అడ్డం తిరిగిన చోటికి.

1960ల చివర్లో జెరెమీ పికెట్-హీప్స్ అనే శాస్త్రవేత్త శైవలాల కణాలు రెండుగా చీలే తీరుని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఒక్కో జాతిలో చూసుకుంటూ పోయాడు. కణం చీలేటప్పుడు క్రోమోజోములని లాగే సన్నటి నాళికల కట్టని కండె అంటాం. మగ్గం దగ్గర పెరిగినవాళ్ళకి ఆ పేరెందుకో చెప్పక్కర్లేదు. ఉల్లి వేరులో, వరి ఆకులో, క్రోమోజోములు విడిపోయాక కండె అక్కడే నిలబడుతుంది. దాని పోగుల వెంట చిన్న చిన్న తిత్తులు మధ్యకి చేరి, ఒకదానికొకటి అతుక్కుని, నడిమి నుంచి అంచులకి గోడ కడతాయి. ఈ అమరికే ఫ్రాగ్మోప్లాస్ట్. చాలా ఆకుపచ్చ శైవలాల్లో అలా జరగదు. కండె కూలిపోతుంది, రెండు కేంద్రకాలూ దగ్గరికి జరుగుతాయి, కొత్త నాళికలు గోడ రాబోయే తలంలోనే అడ్డంగా పరుచుకుంటాయి. అది ఫైకోప్లాస్ట్. రెండూ చివరికి గోడే కడతాయి గానీ, తాపీ పని తీరు వేరు.

కారాలో చూశారు: ఫ్రాగ్మోప్లాస్ట్. కోలియోకీట్‌లో: ఫ్రాగ్మోప్లాస్ట్. 1970 ప్రాంతంలో ఫ్రిచియెల్లాలో చూశారు: ఫైకోప్లాస్ట్.

వేరు ఉంది, కాండం ఉంది, దుంప ఉంది. చుట్టరికం మాత్రం లేదు. ఆకుపచ్చ శైవలాలు చాలా ముందే, బహుశా వందకోట్ల ఏళ్ళ కిందటే, రెండు శాఖలుగా విడిపోయాయి. సముద్రపు అల్వా, క్లామిడోమొనాస్, ఫ్రిచియెల్లా ఒక శాఖ. కారా, కోలియోకీట్, స్పైరోగైరా, వాటితోపాటు నేల మొక్కలన్నీ ఇంకో శాఖ. మద్రాసు బురదలోని ఆ చిన్న జీవి తన దారిన తాను నేలమీదకి రావడానికి విడిగా ప్రయత్నించింది. ఒకే ఎండ, ఒకే బురద, ఒకే తరహా ఇబ్బంది ఎదురైతే వేరు వేరు వంశాలు ఒకే రకం ఉపాయం పన్నుతాయి. పోలిక పరిస్థితి నుంచి వచ్చింది. ఇది తెలిశాక నాకు ఫ్రిచియెల్లా మీద గౌరవం పెరిగిందే తప్ప తగ్గలేదు. అయ్యంగార్ గారి వర్ణనలో తప్పు లేదు, ఆయన చూసిందంతా నిజం. దాని మీద మిగతావాళ్ళు కట్టిన వంశవృక్షమే మారింది.

మాస్టారికి ఈ సంగతి చాలా ఆలస్యంగా అందింది. మన ఊళ్ళకి పత్రికలు వచ్చే రోజులు కావవి. మేం చివరి ఏడాదిలో ఉండగా ఎవరో తెచ్చిన పుస్తకంలో చదివారు. ఆ సాయంత్రం హాస్టలుకి నడిచి వచ్చి, వరండాలో మమ్మల్నందరినీ నిలబెట్టి, "మొదటి ఏడాదిలో నేను చెప్పిన ఫ్రిచియెల్లా పాఠం నోట్సులో దిద్దుకోండి" అన్నారు. పరీక్షలో అది రాదని మాకు తెలుసు, ఆయనకీ తెలుసు. నా నోట్సులో ఆ పేజీ ఇంకా ఉంది. నాలుగు రంగుల బొమ్మ కింద, ఆయన చేతిరాతతో, నీలం సిరాలో రెండు వాక్యాలు.

కణం చీలే తీరు చూస్తే సరిపోతుందా? సరిపోదు. ఇది చెప్పకుండా వదిలేస్తే మిమ్మల్ని తప్పుదారి పట్టించినవాణ్ణవుతాను. మామిడి, జామ ఆకుల మీద ఇటుకరంగు గుండ్రటి మచ్చలు మీరందరూ చూసే ఉంటారు. తేయాకు తోటల్లో దాన్నే ఎర్రతుప్పు తెగులంటారు. అది బూజు కాదు. సెఫల్యూరస్ అనే ఆకుపచ్చ శైవలం, నారింజ రంగు వర్ణకం దాని పచ్చదనాన్ని కప్పేస్తుంది. నీళ్ళు వదిలేసి ఆకు మీదే కాపురం పెట్టింది. దీని కణాలు చీలేటప్పుడు చూస్తే ఫ్రాగ్మోప్లాస్ట్ లాంటి అమరికే! కానీ జన్యువులు దాన్ని తీసుకెళ్ళి సముద్రపు అల్వా పక్కన కూర్చోబెట్టాయి. అంటే పైకి కనిపించే రూపమే కాదు, కణం లోపలి పనితనం కూడా ఒక్కోసారి పోలికతో మోసం చేస్తుంది. ఒక్క లక్షణం పట్టుకుని వంశం చెప్పబోతే ఇదే వరస.

అందుకే జన్యువుల దగ్గరికి వెళ్ళాల్సొచ్చింది. 2001లో సైన్స్ పత్రికలో ఒక అమెరికన్ బృందం నాలుగు జన్యువులని పోల్చి, నేల మొక్కలకి అతిదగ్గరి చుట్టం కారా వంశమని తేల్చింది. అందరికీ నచ్చిన జవాబది. కారా చూడటానికి మొక్కలా ఉంటుంది. కణుపులు, కణుపుల చుట్టూ కొమ్మలు, అడుగున మూలతంతువులు, అండాన్ని చుట్టి కాపాడే కణాలు, అన్నీ ఉన్నాయి. వరిమడిలో కారా చేతికిచ్చిన మాస్టారు అప్పటికే పదవీ విరమణ చేశారు. ఫోనులో చెబితే చాలా సంతోషించారు.

ఆ జవాబు కూడా నిలవలేదు. 2011 నుంచి వచ్చిన పరిశోధనలు, ముఖ్యంగా 2014లో వందల జన్యువులని ఒకేసారి పోల్చిన పెద్ద అధ్యయనం, మూడోదాన్ని ముందుకి తెచ్చాయి. మేం గుంటలోంచి ఎత్తిన ఆ జారుడు పాచి, స్పైరోగైరా, దాని వర్గం. కొమ్మ లేదు, వేరు లేదు. ఒకదాని చివర ఒకటి పేర్చిన కణాల దారం. దాని దగ్గరివాళ్ళలో కొన్ని ఒంటికణాలే. నేల మొక్కలకి నీళ్ళలో మిగిలిన అతిదగ్గరి చుట్టం ఇది.

నాకిది జీర్ణం కావడానికి చాన్నాళ్ళు పట్టింది. నాచుకి, ఫెర్న్‌కి ఈదే పురుషబీజకణాలున్నాయి. ఆఫీసుల ముందు కుండీల్లో పెంచే సైకస్‌కి కూడా ఉన్నాయని 1896లో జపాన్‌లో ఇకెనో కనుక్కున్నాడు. స్పైరోగైరా వర్గంలో ఈదే కణమన్నదే లేదు. రెండు దారాలు పక్కపక్కన చేరి, మధ్య గొట్టం వేసుకుని, ఒక కణంలోని పదార్థమంతా రెండో కణంలోకి పాకుతుంది. మరి చుట్టరికమేమిటి? వివరణ ఒక్కటే. ఉమ్మడి పూర్వీకుడికి ఈదే కణాలూ ఉన్నాయి, బహుశా కొమ్మల శరీరమూ ఉంది. మనవాళ్ళు ఆ ఆస్తిని పెంచుకుంటూ వచ్చారు, వీళ్ళు ఒక్కొక్కటే వదిలేసుకున్నారు. సర్వం వదిలి సన్యసించిన మేనత్త కొడుకు ఎదురైతే ముఖం ఆనవాలు కట్టలేం కదా. స్పైరోగైరా కణం చీలేటప్పుడు గోడ అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వస్తుంది. చిట్టచివర, నడిమి సందు మూసేటప్పుడు మాత్రం చిన్న ఫ్రాగ్మోప్లాస్ట్ కనిపిస్తుంది. ఆ కాస్తా పాత ఆస్తిలో మిగిలిన తునక అని నేను నమ్ముతాను.

2018లో కారా బ్రౌనీ జన్యుపటం వచ్చింది. 2019లో స్పైరోగైరా వర్గానికి చెందిన రెండు జాతుల జన్యుపటాలు వచ్చాయి, రెండూ తడి నేల మీద, రాళ్ళ మీద బతికేవి. వాటిలో కనిపించిన ఒక విషయం రైతుబిడ్డలకి తప్పకుండా చెప్పాలి. నీటి ఎద్దడి వచ్చినప్పుడు మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం పెరుగుతుంది, అది చేరితే ఆకు రంధ్రాలు మూసుకుంటాయి. ఆ కబురు అందుకునే గ్రాహక ప్రోటీన్ ఒకటుంది. దాని జన్యువు వంటిది ఆ శైవలాల్లో దొరికింది. పైగా అది తాతముత్తాతల నుంచి వచ్చింది కాదు, మట్టిలోని బాక్టీరియా నుంచి పక్కదారిన వచ్చి చేరిందని ఆ పరిశోధకుల నిర్ధారణ. అనంతపురం మెట్టపొలంలో వానకి ఎదురుచూసే వేరుశనగ మొక్క తన నీళ్ళని కాపాడుకునే తంత్రంలో ఒక ముక్క, నేల మొక్కలే లేని కాలంలో ఏ తడి మట్టి పొర మీదో ఒక పాచి అరువు తెచ్చుకున్నది.

దీంతో ఒక పాత ఆలోచనకి బలం వచ్చింది. 1980లో స్టెబిన్స్, హిల్ అనే ఇద్దరు, బహుకణ మొక్కలు నీళ్ళలో తయారై నేలమీదకి ఎక్కాయన్న నమ్మకాన్నే ప్రశ్నించారు. ముందు ఒంటికణాలుగా తడి నేలకి చేరి, అక్కడే శరీరం కట్టుకుని ఉండవచ్చు కదా అన్నారు. నేనిప్పుడు ఆ వైపే మొగ్గుతున్నాను. మనం ఊహించుకునే బొమ్మలో చెరువులోంచి ఒక మొక్క గట్టెక్కుతుంది. నిజంలో చెరువే ఏటా ఎండిపోతూ, ఏటా నిండుతూ ఉండి ఉంటుంది. ఎండినప్పుడు చావకుండా ఉండగలిగినవి మిగిలాయి. వేసవిలో మన మడుల్లో స్పైరోగైరా సంయుక్తబీజాలు గట్టి గోడ కట్టుకుని మట్టిలో పడి ఉంటాయి, తొలకరికి లేస్తాయి.

రాళ్ళు చెప్పేది కొద్దే గానీ గట్టిది. అర్జెంటీనాలో దొరికిన సిద్ధబీజాల వయసు సుమారు 47 కోట్ల ఏళ్ళు. స్కాట్లండ్‌లో రైనీ అనే పల్లె దగ్గర 1912లో విలియం మాకీ అనే వైద్యుడు కనుక్కున్న చెకుముకి లాంటి రాయిలో, 40 కోట్ల ఏళ్ళు దాటిన చిన్న మొక్కలు కణాలతో సహా నిలిచిపోయాయి. వాటి కణాల్లో శిలీంధ్రాలు కాపురం ఉన్నాయి, ఇప్పటి మొక్కల వేళ్ళలో ఉన్నట్టే. అదే రాయిలో, అప్పటి నీటిగుంటలో, కారా వంశపు శైవలం ఒకటి పక్కనే పెరిగింది. దానికి పేలియోనైటెల్లా అని పేరు.

ఇంతకంటే మాటలతో చెప్పను. పక్కన ల్యాబులో పిల్లలు నాలుగు మైక్రోస్కోపులు సిద్ధం చేశారు. మొదటిదానిలో జామ ఆకు మీది మచ్చ. రెండోదానిలో రిక్సియా అడ్డుకోత, మధ్యలో ఆ చిన్న బంతి కనిపిస్తుంది. మూడోదానిలో స్పైరోగైరా, చుట్టలు తిరిగిన హరితరేణువుతో. నాలుగోదానిలో కారా లేత కొమ్మ ఉంది, నిన్న సాయంత్రం మాస్టారి చెరువు తూము కింది మడిలోంచే తెచ్చాం. ఒక కణాన్ని కేంద్రంలో పెట్టి కాసేపు కన్ను ఆనించండి. లోపల జీవపదార్థం ఒక గోడ వెంట పైకి, ఇంకో గోడ వెంట కిందకి ప్రవహిస్తూ ఉంటుంది. బోనవెంచురా కోర్టీ 1774లో దాన్ని మొదట చూశాడు. ఇందాక వచ్చేముందు నేనూ చూసి వచ్చాను, ఇంకా పారుతూనే ఉంది. నీళ్ళు ఆరిపోకుండా మధ్యమధ్య ఒక చుక్క వెయ్యండి.